పరామితుల ప్రాంగణం

పాఠ్యభాగ నేపథ్యం

వాస్తుశిల్పం కళలలో ఒకటిగా పేరుపొందినప్పటికీ, దాని పునాది గణితంలో ఉంది. ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరార్ధంలో కంప్యూటరు ప్రవేశంతో ఈ రెండింటి బంధం మరింత దృఢమైంది. కట్టడాన్ని గీతలుగా కాక, కొలతల మధ్య గల సంబంధాలుగా భావించి రూపొందించే విధానానికి 'పరామితీయ రూపకల్పన' అని పేరు. ఈ విధానం క్రీడాప్రాంగణాల నిర్మాణంలో ఎట్లా ఉపకరించిందో, దానివల్ల సాధారణ మానవునికి కలిగిన మేలు ఏమిటో, దాని పరిమితులేమిటో వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

వేలమంది జనం ఒకచోట కూర్చొని ఒకే దృశ్యాన్ని చూడాలి. వారిలో ఏ ఒక్కరి చూపుకూ ముందున్నవారి తల అడ్డు రాకూడదు. ఎండవానలు వారిని బాధించకూడదు. ఆట ముగిసిన కొద్ది నిమిషాలలో అందరూ క్షేమంగా బయటపడాలి. చుట్టుపక్కల నివసించేవారికి గాలి, వెలుతురు తగ్గకూడదు. ఇన్ని కోరికలను ఒకే కట్టడం తీర్చవలసి రావడమే క్రీడాప్రాంగణ నిర్మాణంలోని కష్టం. ఈ కోరికలు ఒకదానితో ఒకటి పొసగవు. ప్రేక్షకునికి చక్కగా కనిపించాలంటే మెట్లు ఎత్తుగా ఉండాలి. మెట్లు ఎత్తయితే కట్టడం ఎత్తవుతుంది. కట్టడం ఎత్తయితే పొరుగువారి ముంగిట నీడ పడుతుంది. ఒకరి సౌకర్యం మరొకరికి అసౌకర్యం కాకుండా చూడటమే వాస్తుశిల్పి బాధ్యత.

ఈ సమస్య నేటిది కాదు. క్రీ.శ. 80లో రోము నగరంలో ప్రారంభమైన కొలోసియం దీర్ఘవృత్తాకారంలో ఉంటుంది. దాని పొడవు సుమారు 188 మీటర్లు, వెడల్పు సుమారు 156 మీటర్లు. అందులోని ఆసనాలు లోపలి నుండి వెలుపలికి వరుసవరుసగా ఎత్తు పెరుగుతూ పోతాయి. ఆనాటి శిల్పులు త్రాడు, కొయ్యమేకులు, కొలబద్దలతో సాధించినదానినే నేటి వాస్తుశిల్పులు కంప్యూటరుతో సాధిస్తున్నారు. సాధనం మారింది గాని, ప్రశ్న మారలేదు.

పరామితి అంటే ఏమిటి?

ఒక వృత్తాన్ని తీసుకుందాం. దాని వ్యాసార్థం తెలిస్తే చుట్టుకొలత, వైశాల్యం వాటంతట అవే తెలుస్తాయి. వ్యాసార్థాన్ని మార్చినప్పుడు మిగిలినవన్నీ దానిని అనుసరించి మారతాయి. ఇక్కడ వ్యాసార్థం పరామితి. చుట్టుకొలతకు, వ్యాసార్థానికి మధ్య ఉన్న సంబంధం నియమం. కొలత మారవచ్చు, నియమం మారదు.

మన దేశపు శిల్పులకు ఇటువంటి ఆలోచన కొత్త కాదు. విగ్రహాన్ని మలచేటప్పుడు వారు ముఖం పొడవును 'తాళం' అనే ప్రమాణంగా గ్రహించి, తక్కిన అవయవాలను ఆ ప్రమాణంతో నిర్ణయిస్తారు. నవతాళ విగ్రహం ఎత్తు తొమ్మిది తాళాలు. తాళం జానెడైనా, మూరెడైనా విగ్రహపు పొంకం చెడదు. మన ముంగిళ్ళలో వేసే చుక్కల ముగ్గు కూడా ఇటువంటిదే. చుక్కల సంఖ్య పెంచితే ముగ్గు పెద్దదవుతుంది, కాని చుక్కలను కలిపే పద్ధతి మాత్రం అదే. ఈ పోలిక విషయాన్ని సులభంగా గ్రహించడానికే చెప్పినది. నేటి సాఫ్ట్‌వేరు వేరొక గణిత సంప్రదాయం నుండి పుట్టింది.

కాగితంపై గీసే చిత్రంలో ఏ గీతకు ఆ గీత స్వతంత్రం. ఒక గోడను జరిపితే దానిని ఆనుకొని ఉన్న కప్పు దానంతట అది జరగదు. చిత్రకారుడు దానిని చెరిపి మళ్ళీ గీయాలి. వందల చిత్రాలు గల పెద్ద కట్టడంలో ఒక మార్పు చేయడమంటే ఎందరో ఎన్నో రోజులు శ్రమించడమే. అందువల్ల మార్పు మేలైనదని తెలిసి కూడా, ఆలస్యానికి వెరచి, దానిని విడిచిపెట్టిన సందర్భాలు కలగడం సహజం. పరామితీయ సాఫ్ట్‌వేరులో గీతలు ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి. బిందువు కదిలితే ఆ బిందువు గుండా పోయే వక్రం కదులుతుంది. వక్రం కదిలితే దానిపై నిలిచిన తలం కదులుతుంది. తలం కదిలితే దానికి తాపిన పలకలన్నీ తమ కొలతలను సవరించుకుంటాయి.

తొలి ప్రయత్నాలు

వాస్తుశిల్పానికి 'పరామితీయ' అనే విశేషణాన్ని చేర్చినవాడు ఇటలీ దేశానికి చెందిన లుయీజీ మొరెత్తీ. ఈయన 1907లో జన్మించి 1973లో మరణించాడు. 1940వ దశకంలోనే ఆయన ఈ భావనపై కృషి ప్రారంభించాడు. 1960లో మిలాను నగరంలో జరిగిన పన్నెండవ త్రైవార్షిక ప్రదర్శనలో తాను రూపొందించిన క్రీడాప్రాంగణాల నమూనాలను ప్రదర్శించాడు. ప్రేక్షకుల దృష్టికోణాలు, కాంక్రీటు ఖర్చు మొదలైన 19 పరామితుల నుండి ఒక ప్రాంగణపు ఆకారం ఎట్లా వెలువడుతుందో ఆయన అందులో నిరూపించాడు. ఇందుకోసం ఐ.బి.ఎం. 610 అనే కంప్యూటరును వినియోగించాడు. పరామితీయ వాస్తుశిల్పానికి తొలి ఉదాహరణలలో ఒకటి క్రీడాప్రాంగణమే కావడం గమనింపదగిన విషయం. చూపు, దూరం, ఎత్తు, ఖర్చు అనే నాలుగూ లెక్కకు లొంగేవి కావడమే అందుకు కారణం.

తరువాత మూడేండ్లకు, 1963లో, అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ 'స్కెచ్‌ప్యాడ్' అనే ప్రోగ్రామును తయారుచేశాడు. తెరపై గీసిన గీతల నడుమ సంబంధాలను కంప్యూటరు గుర్తుంచుకొనేటట్లు చేయడం అందులోని విశేషం. 1988లో యంత్రభాగాల రూపకల్పన కోసం 'ప్రో ఇంజనీర్' వెలువడింది. 2007 నాటికి వాస్తుశిల్పుల కోసం 'జెనరేటివ్ కాంపొనెంట్స్' అనే సాఫ్ట్‌వేరు మార్కెట్టులోకి వచ్చింది. అదే కాలంలో డేవిడ్ రుటెన్ 'రైనో' అనే సాఫ్ట్‌వేరుకు అనుబంధంగా నేడు 'గ్రాస్‌హాపర్' అని పిలుస్తున్న ప్రోగ్రామును రూపొందించాడు. దానితో, ప్రోగ్రాములు వ్రాయడం రాని విద్యార్థులు సైతం పరామితీయ నమూనాలను తయారుచేయగలిగారు.

చూపు లెక్క

ప్రేక్షకుని చూపును గణితానికి లొంగదీసిన తొలి వ్యక్తులలో స్కాట్లాండ్ ఇంజనీరు జాన్ స్కాట్ రస్సెల్ ముఖ్యుడు. ప్రేక్షకులు, శ్రోతలు కూర్చొనే భవనాలలో ఆసనాల వరుసలు ఏ వక్రాన్ని అనుసరించాలో ఆయన 1838లోనే వివరించాడు. ఆయన సూత్రాన్ని నేటి ప్రాంగణాలకు ఈ విధంగా అన్వయించవచ్చు.

మైదానపు అంచుగీతపై ఒక బిందువును ఊహించండి. వెనుక వరుసలోని ప్రేక్షకుడు ఆ బిందువును చూస్తున్నాడు. అతని కంటి నుండి ఆ బిందువు వరకు గీసిన సరళరేఖ ముందు వరుసలోని ప్రేక్షకుని కంటికి కొంత ఎత్తున పోవాలి. ఆ ఎత్తును ఇంజనీర్లు 'సి విలువ' అంటారు. అది సాధారణంగా 90 మిల్లీమీటర్లు ఉంటే మంచిదనీ, 120 ఉంటే ఉత్తమమనీ, 60 కంటె తగ్గరాదనీ భావిస్తారు.

సరూప త్రిభుజాల ధర్మం తెలిసిన విద్యార్థి ఈ లెక్కను స్వయంగా చేయగలడు. ముందు ప్రేక్షకుని కన్ను అంచుగీతకు 20 మీటర్ల దూరంలో, 6 మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. రెండు వరుసల మధ్య దూరం 0.8 మీటరు. కావలసిన సి విలువ 90 మిల్లీమీటర్లు, అనగా 0.09 మీటరు. కంటి ఎత్తుకు సి విలువను కలిపి, ఆ మొత్తాన్ని వెనుక ప్రేక్షకుని దూరంతో హెచ్చవేసి, ముందు ప్రేక్షకుని దూరంతో భాగించాలి. వచ్చినదాని నుండి ముందు ప్రేక్షకుని కంటి ఎత్తును తీసివేస్తే మెట్టు ఎత్తు తెలుస్తుంది.

6.09 × 20.8 ÷ 20 − 6 = 0.334 మీటరు (సుమారు)

అనగా ఆ మెట్టు 334 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి. ఇంకా పైకి వెళ్ళి, కన్ను 28 మీటర్ల దూరంలో, 10 మీటర్ల ఎత్తున ఉన్న వరుసకు ఇదే లెక్క చేస్తే మెట్టు ఎత్తు సుమారు 378 మిల్లీమీటర్లు అవుతుంది. పైకి పోయిన కొద్దీ మెట్టు ఎత్తు పెరుగుతుందన్నమాట. అందుచేతనే ప్రాంగణంలోని ఆసనాల వరుసలు ఏటవాలు బల్లవలె తిన్నగా ఉండక, లోపలికి వంగిన గిన్నెవలె ఉంటాయి. ఈ ఆకారం కేవలం అందం కోసం ఏర్పడినది కాదు.

ఇక 6 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ప్రేక్షకుణ్ణి మైదానానికి 5 మీటర్లు దగ్గరగా జరిపి, 15 మీటర్ల దూరంలో కూర్చోబెడితే మెట్టు ఎత్తు సుమారు 415 మిల్లీమీటర్లు కావాలి. ఆటను దగ్గరగా చూడాలనే కోరికకు మెట్ల ఎత్తు రూపంలో మూల్యం చెల్లించవలసి వస్తుంది. ఆ మూల్యానికి కూడా ఒక హద్దు ఉంది. ఆసనాల వాలు 34 డిగ్రీలకు మించితే ఎక్కిదిగేవారికి కళ్ళు తిరిగే ప్రమాదం ఉన్నందున, బ్రిటన్‌లోని భద్రతా మార్గదర్శి ఆ కొలతను గరిష్ఠంగా సూచించింది.

ఒక ప్రాంగణంలో వందల వరుసభాగాలు ఉంటాయి. ప్రతి వరుసకు, ప్రతి మలుపు వద్ద ఈ లెక్కను చేతితో చేయడం దుస్సాధ్యం. పరామితీయ నమూనాలో ఈ సూత్రాన్ని ఒక్కసారి పొందుపరిస్తే చాలు. సి విలువను 90 నుండి 120కి మార్చిన క్షణంలోనే మెట్లన్నీ తమ ఎత్తులను సవరించుకుంటాయి. కొలత మారితే కట్టడం మారాలి, కట్టడం మారినా నియమం మారకూడదు. పరామితీయ రూపకల్పన సారాంశం ఇదే.

భద్రత లెక్క

చక్కగా కనిపించడం ఒక్కటే చాలదు. 1971 జనవరి 2వ తేదీన స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో ఇబ్రాక్స్ ప్రాంగణంలో ఫుట్‌బాల్ ఆట ముగిసే వేళ, మెట్లదారిలో జరిగిన తొక్కిసలాటలో 66 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ దుర్ఘటన దరిమిలా 1973లో బ్రిటిష్ ప్రభుత్వం క్రీడాప్రాంగణాల భద్రతకు మార్గదర్శిని ప్రచురించింది. కవరు రంగును బట్టి దానిని 'గ్రీన్ గైడ్' అని వ్యవహరిస్తారు. ప్రేక్షకులు తమ ఆసనాల నుండి బయటికి చేరే కాలం ఎనిమిది నిమిషాలకు మించరాదని అది నిర్దేశిస్తుంది.

ఈ నియమం కూడా లెక్కగా మారుతుంది. మీటరు వెడల్పు గల మెట్లదారిలో నిమిషానికి 66 మంది నడుస్తారని తీసుకుంటే, ఎనిమిది నిమిషాలలో 528 మంది దాటగలరు. ఒక వైపు 5,000 మంది కూర్చుంటే, అక్కడి మెట్లదారుల మొత్తం వెడల్పు తొమ్మిదిన్నర మీటర్లకు తగ్గకూడదు. మరొక రెండు వరుసలు చేర్చాలని వాస్తుశిల్పి అనుకున్నప్పుడు నమూనా ఆసనాల సంఖ్యను పెంచి ఊరుకోదు. దారుల వెడల్పు చాలడం లేదని వెంటనే హెచ్చరించేటట్లు దానిని తయారుచేయవచ్చు. టిక్కెట్ల రాబడి కోసం ప్రాణరక్షణను మరచే అవకాశం అప్పుడు తగ్గుతుంది.

డబ్లిన్ ప్రాంగణం

ఈ విధానానికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఐర్లాండ్ రాజధాని డబ్లిన్ నగరంలోని అవీవా స్టేడియం. ఆ స్థలంలో అంతకుముందు లాన్స్‌డౌన్ రోడ్ మైదానం ఉండేది. 1870వ దశకం నుండి అక్కడ రగ్బీ అంతర్జాతీయ పోటీలు జరుగుతూ వచ్చాయి. పాతబడిన ఆ ప్రాంగణాన్ని 2007లో కూలగొట్టి, అదే చోట కొత్తది నిర్మించారు. అప్పట్లో హెచ్.ఓ.కె. స్పోర్ట్ అనీ, 2009 నుండి పాపులస్ అనీ పేరుగల సంస్థ, స్కాట్ టాలన్ వాకర్ అనే ఐరిష్ సంస్థతో కలిసి దానికి రూపకల్పన చేసింది. బ్యూరో హాపోల్డ్ సంస్థ ఇంజనీరింగ్ బాధ్యతను వహించింది. 2010 మే 14న ప్రారంభమైన ఆ ప్రాంగణంలో 51,700 మంది కూర్చొనవచ్చు. అహ్మదాబాదు నగరంలోని మొతేరాలో 2020లో ప్రారంభమైన, 1,32,000 మందికి చోటున్న క్రికెట్ ప్రాంగణాన్ని రూపొందించినది కూడా పాపులస్ సంస్థే.

డబ్లిన్ స్థలం చాలా ఇరుకైనది. పడమటి వైపున రైలుమార్గం, సమీపంలో డోడర్ నది, ఉత్తర దిశన ఇండ్లు ఉన్నాయి. ఆ ఉత్తరపు ఇండ్లే రూపకల్పనలో కీలకమైన సమస్య అయ్యాయి. డబ్లిన్ 53 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. డిసెంబరు నెలలో అక్కడ మధ్యాహ్నం సూర్యుడు దిగంతానికి 13 డిగ్రీల ఎత్తున మాత్రమే కనిపిస్తాడు. అటువంటి వేళ ఒక మీటరు ఎత్తుగల గోడ నీడ నాలుగు మీటర్లకు పైగా సాగుతుంది. అదే రోజున హైదరాబాదులో మీటరు గోడ నీడ మీటరు కూడా ఉండదు. సూర్యకాంతి అంత అరుదైన చోట, దక్షిణాన లేచిన ఎత్తైన గోడ ఉత్తరాన ఉన్న ఇండ్లకు శీతాకాలమంతా నీడనే మిగులుస్తుంది.

పైన చేసిన లెక్కను ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 20 మీటర్ల దూరాన ఉన్న వరుసకు సి విలువను 90 నుండి 120కి పెంచితే మెట్టు ఎత్తు 334 నుండి 365 మిల్లీమీటర్లకు చేరుతుంది. ఒక మెట్టుకు పెరిగినది 31 మిల్లీమీటర్లే. నలభై వరుసలకు అది మీటరును దాటుతుంది. డబ్లిన్ శీతాకాలపు మధ్యాహ్నాన ఆ మీటరు పొరుగింటి ముంగిట నాలుగు మీటర్ల నీడగా మారుతుంది. ప్రేక్షకుని కంటికి ఇచ్చిన రెండు వేళ్ళ మందం ఒక కుటుంబపు వెలుతురును హరించగలదన్న సత్యం ఇటువంటి లెక్క వల్లనే బోధపడుతుంది.

ఈ చిక్కును వాస్తుశిల్పులు కట్టడపు ఆకారంతోనే పరిష్కరించారు. ప్రాంగణానికి మూడు వైపుల నాలుగంతస్తులు ఉండగా, ఉత్తరాన మాత్రం క్రింది అంతస్తు ఒక్కటే ఉంటుంది. కప్పు, గోడ అనే భేదం లేకుండా ఒకే అలవలె చుట్టి వచ్చే పైతొడుగు తూర్పు పడమరలలో ఎత్తుగా లేచి, ఉత్తరానికి వచ్చేసరికి బాగా క్రిందికి దిగుతుంది. కాంతిని ప్రసరింపజేసే పాలీకార్బొనేట్ పలకలను దానికి వాడారు. ప్రాంగణం కొన్ని వేల ఆసనాలను వదులుకొని పొరుగువారికి ఆకాశాన్ని మిగిల్చింది.

నమూనా తయారైన క్రమం

ఈ అల ఆకారం కంటికి ఎంత స్వేచ్ఛగా తోచినా, దాని వెనుక కట్టుదిట్టమైన జ్యామితి ఉంది. వాస్తుశిల్పులు తొలుత రైనోలో ఆకారాన్ని నిర్ణయించుకొని, పిమ్మట జెనరేటివ్ కాంపొనెంట్స్‌లో దానిని పరామితీయ నమూనాగా పునర్నిర్మించారు.

మొదటి మెట్టు నేలపై పడే ఆకారం. దానిని ఒకదానినొకటి స్పర్శించే ఎనిమిది వృత్తచాపాలతో కూర్చారు. రెండు చాపాలు కలిసే బిందువు వద్ద రెండింటికీ ఒకే స్పర్శరేఖ ఉంటుంది. అందువల్ల ఆ చోట మొన తేలదు, గీత నున్నగా సాగుతుంది. చాపాల వ్యాసార్థాలు మారితే ప్రాంగణం పొడవు వెడల్పులు మారతాయి.

రెండవ మెట్టు గళ్ళు. మైదానం నుండి వెలుపలికి కిరణాలవలె సాగే గీతలను ఏర్పరచారు. ప్రతి కిరణంపైన ఒక ఉక్కు చట్రం నిలుస్తుంది.

మూడవ మెట్టు నిలువుకోత. ప్రతి కిరణం వద్ద పైతొడుగు ఎంత ఎత్తుకు లేవాలి, ఎక్కడ వంగాలి, లోపలికి ఎంత సాగాలి అనే కొలతలను నిర్ణయించారు. ఈ కొలతలను నమూనాలో కాక, ఎక్సెల్ పట్టికలో అంకెలుగా భద్రపరచారు. ఉత్తరాన కప్పు దించాలంటే పట్టికలో ఆ కిరణాలకు ఎదురుగా ఉన్న అంకెలను మారిస్తే చాలు.

నాలుగవ మెట్టు పలకలు. నిలువుకోత వక్రాలను కలుపుతూ ఏర్పడిన తలాన్ని వేలాది పలకలుగా విభజించారు. గాలి లోపలికి రావలసిన చోట్ల పలకలు కొంత తెరుచుకొని ఉండాలి. ఏ పలక ఎంత కోణంలో తెరుచుకోవాలో కూడా పట్టికలోని అంకెలే నిర్ణయించాయి.

ఇక్కడ గమనింపవలసిన ముఖ్యాంశం మరొకటి ఉంది. వాస్తుశిల్పులు, నిర్మాణ ఇంజనీర్లు వేర్వేరు చిత్రాలపై పనిచేయక, ఒకే జ్యామితిని పంచుకున్నారు. వాస్తుశిల్పులు పట్టికలో అంకెలు మార్చి పంపితే, ఇంజనీర్లు తమ నమూనాలో ఆ అంకెలను చదివి, కప్పును మోసే ఉక్కు ట్రస్సులను దానికి తగినట్లు సవరించి, బలాబలాలను పరీక్షించారు. పెద్ద చిత్రపటాల రాకపోకలకు బదులు చిన్న అంకెల పట్టిక రెండు సంస్థల నడుమ దూతగా వ్యవహరించింది. ఒకరు గీసినది మరొకరికి అర్థంకాక జరిగే పొరపాట్లు దీనితో తగ్గాయి.

పరిమితులు

ఈ విధానం సర్వసమర్థమనుకోవడం అతిశయోక్తి. ఏ కొలతలు మారగలవో, ఏవి స్థిరమో మొదటే నిశ్చయించుకోవాలి. ఎనిమిది చాపాలతో అల్లిన నమూనాలో చాపాల వ్యాసార్థాలను ఎంతగానైనా మార్చవచ్చు. కాని చాపాలే వద్దు, చతురస్రం కావాలంటే ఆ నమూనా పనికిరాదు. కొత్తగా మొదలుపెట్టాలి. కనుక నమూనా తయారీలో కష్టమైన భాగం సాఫ్ట్‌వేరును నడపడం కాదు, రాబోయే మార్పులను ముందుగా ఊహించడం.

రెండవ పరిమితి ఇంతకంటె లోతైనది. నమూనాలో చేర్చిన దానినే కంప్యూటరు లెక్కిస్తుంది. ఉత్తరపు ఇండ్లవారి వెలుతురును ఎవరూ పరామితిగా చేర్చకపోతే, అది లోపించిందని యంత్రం ఎన్నటికీ చెప్పదు. ఆసనాల సంఖ్యను అత్యధికం చేయమని అడిగితే చేసి చూపుతుంది. అట్లా చేయడం న్యాయమా అని ప్రశ్నించదు. యంత్రం లెక్క చెప్పగలదు, ఏది మేలో చెప్పలేదు. ఏ కొలతను గణనలోకి తీసుకోవాలనే నిర్ణయం ఎల్లప్పుడూ మనిషిదే.

నేడు వాస్తుశిల్ప కళాశాలల్లోని విద్యార్థులు ఇటువంటి సాఫ్ట్‌వేర్లను అభ్యసిస్తున్నారు. తెరపై ఆకారాలు క్షణంలో మారడం చూసి ముచ్చటపడటం సహజమే. కాని ప్రతి అంకె వెనుక ఒక మనిషి ఉన్నాడని వారు గుర్తించాలి. సి విలువ వెనుక చివరి వరుసలో కూర్చున్న బాలుని చూపు ఉంది. మెట్లదారి వెడల్పు వెనుక ఇంటికి క్షేమంగా చేరవలసిన ప్రేక్షకుడు ఉన్నాడు. కప్పు ఎత్తు వెనుక ఆటతో ఏ సంబంధమూ లేని పొరుగింటి వృద్ధురాలు ఉంది. ఈ ముగ్గురినీ ఒకే నమూనాలో నిలపగలిగినవాడే మంచి వాస్తుశిల్పి.

కఠిన పదాలకు అర్థాలు

పరామితి : మార్చడానికి వీలైన, తక్కినవాటిని నిర్ణయించే కొలత
ప్రాంగణం : ఆవరణ, ముంగిలి
పొంకం : అందమైన అమరిక
చాపం : వృత్తపరిధిలో ఒక భాగం
స్పర్శరేఖ : వక్రాన్ని ఒక బిందువు వద్ద తాకే సరళరేఖ
దిగంతం : నేల, ఆకాశం కలిసినట్లు తోచే చోటు
దుస్సాధ్యం : సాధించడానికి కష్టమైనది
దరిమిలా : తరువాత
మూల్యం : వెల

ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. డబ్లిన్ ప్రాంగణ రూపకల్పనలో ఎదురైన సమస్యలను, వాటిని పరిష్కరించిన తీరును వివరించండి.
2. పరామితీయ రూపకల్పన వల్ల కలిగే ప్రయోజనాలను, దాని పరిమితులను చర్చించండి.

II. క్రింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు వ్రాయండి.
1. లుయీజీ మొరెత్తీ కృషిని తెలపండి.
2. ప్రాంగణంలోని ఆసనాల వరుసలు గిన్నె ఆకారంలో ఎందుకు ఉంటాయి?
3. 'గ్రీన్ గైడ్' వెలువడటానికి కారణమేమిటి?
4. ఎక్సెల్ పట్టిక దూతగా వ్యవహరించిందని రచయిత ఎందుకన్నాడు?

III. క్రింది వాక్యాలకు సందర్భ సహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. సాధనం మారింది గాని, ప్రశ్న మారలేదు.
2. కొలత మారితే కట్టడం మారాలి, కట్టడం మారినా నియమం మారకూడదు.
3. యంత్రం లెక్క చెప్పగలదు, ఏది మేలో చెప్పలేదు.

IV. క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. సి విలువ అంటే ఏమిటి?
2. అవీవా స్టేడియం ఎప్పుడు ప్రారంభమైంది?
3. నవతాళ విగ్రహం ఎత్తు ఎంత?

V. ముందు ప్రేక్షకుని కన్ను అంచుగీతకు 24 మీటర్ల దూరంలో, 8 మీటర్ల ఎత్తున ఉంది. వరుసల మధ్య దూరం 0.8 మీటరు. సి విలువ 90 మిల్లీమీటర్లు ఉండాలంటే మెట్టు ఎత్తు ఎంత ఉండాలో కనుగొని, మీరు లెక్కించిన పద్ధతిని సొంత మాటలలో వ్రాయండి.

VI. భాషాంశాలు

సంధులు
వ్యాసార్థం : వ్యాస + అర్థం (సవర్ణదీర్ఘ సంధి)
అతిశయోక్తి : అతిశయ + ఉక్తి (గుణసంధి)
నాలుగంతస్తులు : నాలుగు + అంతస్తులు (ఉత్వసంధి)

సమాసాలు
క్రీడాప్రాంగణం : క్రీడల కొరకు ప్రాంగణం (చతుర్థీ తత్పురుష)
సూర్యకాంతి : సూర్యుని యొక్క కాంతి (షష్ఠీ తత్పురుష)
రాకపోకలు : రాక, పోక (ద్వంద్వ సమాసం)